కుంట గాలిలో నారింజ గీత

అతను మా కాలేజీకి వచ్చిన మొదటి రోజే నాకు నచ్చలేదు. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. అసలు కారణం చాలా చిన్నది. నేను మూడేళ్లుగా కుస్తీ పడుతున్న స్పెక్ట్రోమీటర్‌ను అతను అరగంటలో దారికి తెచ్చాడు.

అరవైల మొదటి సంవత్సరాలవి. నేను నల్లగొండలో ఒక కాలేజీలో ఫిజిక్స్ డెమాన్‌స్ట్రేటర్‌గా ఉన్నాను. మాది కట్టంగూర్ పక్కన పల్లె. మా వాడకట్టులో బీఎస్సీ గట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి నా నడకలో కూడా తెలుస్తోందని మా అవ్వ నవ్వేది. కాలేజీలో ఫిజిక్స్ శాఖకు పెద్ద అయిన మా పెద్దసారు తర్వాత ఆ ఇత్తడి యంత్రాన్ని ముట్టుకునే హక్కు నాదేనని నేను అనుకునేవాణ్ణి. మండుతున్న వస్తువు వెలుతురును సన్నని చీలికలోంచి పంపి, గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, చిన్న దుర్భిణిలోంచి చూపిస్తుంది అది. ఏ పదార్థానికి ఆ పదార్థపు గీతలు ఉంటాయి. ఒకరి వేలిముద్ర ఇంకొకరికి ఉండనట్టే. కానీ మా యంత్రంలో గీతలన్నీ ఉన్ని పోగుల్లా మసకగా కనబడేవి. యంత్రం పాతబడిందని నేను పిల్లలకు చెప్పి తప్పించుకునేవాణ్ణి.

అతను మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చాడు. ఊరు అమ్రాబాద్ దగ్గర. ఇంట్లో గొర్లు, మేకలు. నాకంటే రెండేళ్లు చిన్న. వచ్చిన పూటే దుర్భిణిలోకి తొంగిచూసి, నా వైపు తిరిగి, "అన్నా, జర గీ చీలిక ఇప్పి తుడుద్దామా? దుమ్ము వట్టినట్టున్నది," అన్నాడు. నేను ఇష్టంలేకుండానే తలూపాను. చీలిక రెండు రేకులనూ విప్పి, సన్నని పుల్లకు దూది చుట్టి తుడిచి, మళ్లీ బిగించాడు. ఉప్పు మంట పెట్టి చూస్తే పసుపు గీత రెండుగా విడిపోయి కనిపించింది. ఆ రెండు గీతలను నేను పుస్తకంలో తప్ప ఎన్నడూ చూడలేదు.

పెద్దసారు కూడా వచ్చి చూశాడు. ఆయన హైదరాబాదువాడు, ఉర్దూ మీడియంలో చదివిన తరం. ఒక కంట్లో పొర కమ్మింది, రెండో కన్నుతోనే నెట్టుకొస్తున్నాడు. "షాబాష్ బేటా," అని అతని భుజం తట్టాడు. ఆ మూడేళ్లలో నా భుజం మీద ఆయన చేయి ఒక్కసారీ పడలేదు. ఆ లెక్క నా దగ్గర ఉన్నదని కూడా నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దసారుకు ఒక పిచ్చి ఉండేది. అంగారక గ్రహం వెలుతురులో, కర్బనం ఉన్న వాయువుల గుర్తుల్లాంటివి కనిపించాయని ఏదో విదేశీ పత్రికలో చదివాడు. అక్కడ గడ్డో నాచో ఉండొచ్చని అందులో రాశారట. ఆ పత్రికను మడిచి సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం మా ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నాడు:

"అంగారకుడి మీద గడ్డి ఉన్నదా లేదా మనకు తెల్వది. గానీ గడ్డి కుళ్లితే వచ్చే గాలి ఎట్ల మండుతదో మనం చూడొచ్చు గదా? కుంట బురదలకెళ్లి బుడగలొస్తయి చూడు, అది మీథేన్. జీవం ఇడిసిన ఊపిరి. అదే మీథేన్ మనం ల్యాబుల మందులు కలిపి కూడా చేస్తం. రెండింటినీ మండించి, గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమన్న ఫరక్ దొరుకుతదా?"

నేను వెంటనే, "మా ఊరి కుంటల మస్తు బుడగలు వస్తయి సార్," అన్నాను. ఆ పనిలో నా పేరు ముందుండాలని ఆరాటం. సారు సంతోషించాడు. "అయితే మీరిద్దరూ పోయి పట్టుకొని రండి," అన్నాడు. ఇద్దరూ అన్న మాట నాకు గుచ్చుకుంది.

ఆ ఆదివారం సీసాలు, గరాటాలు గోనెసంచిలో సర్దుకుని బస్సెక్కాం. ఎండాకాలం కావడంతో కుంట సగానికి ఎండింది. మోకాలి లోతు నీళ్లలో దిగి, నీళ్లు నింపిన సీసాను బోర్లించి, దాని మూతికి గరాటా ఆనించి, కింద బురదను కట్టెతో కలిపితే బుడగలు గుడగుడా పైకొచ్చి సీసాలోకి చేరేవి. బర్రెలను తోలుకొచ్చిన ఒక పెద్దమ్మ గట్టు మీద నిలబడి అడిగింది.

"ఏం పడుతున్నరు బిడ్డా, జెల్ల చేపలా?"

"గాలి పడుతున్నం పెద్దమ్మా," అన్నాడతను.

"గాలా? గాలి పట్టనీకి కుంటల దిగుడేందయ్యా, గట్టు మీద లేదా?"

పక్కనున్న ముసలాయన, "గది ఉత్త గాలి గాదే, మన బర్రెలు ఇడిసింది," అన్నాడు. గట్టంతా నవ్వులు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. చదువుకుని వచ్చినవాణ్ణి, నా ఊరి ముందర బురదలో నిలబడి నవ్వులపాలవుతున్నాను. అతను మాత్రం అందరికంటే గట్టిగా నవ్వి, "నిజమే తాతా, బర్రె కడుపుల ఉన్నదీ గిదే గాలి," అన్నాడు. ముసలాయన నిజంగా ఆశ్చర్యపోయి నీళ్ల అంచుదాకా దిగివచ్చాడు.

ఇంటికి వెళ్లేసరికి మా బాపు వాకిట్లో ఒక గొర్రె పక్కన కూర్చుని ఉన్నాడు. మాది వ్యవసాయమే అయినా గొర్లు, మేకలు కలిపి ఇరవై దాకా జీవాలుండేవి. ఆ గొర్రె మేత ముట్టడం లేదు, ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి అతను గొర్రె డొక్క మీద వేళ్లతో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు.

"కడుపుబ్బరం బాపూ. కుంట ఒడ్డు పచ్చి గడ్డి ఎక్కువ తిన్నట్టున్నది. జర నూనె ఉన్నదా?"

బాపూ! మా బాపును వాడు బాపూ అన్నాడు. అవ్వ నువ్వుల నూనె తెచ్చింది. అతను గొర్రె మూతి ఎత్తిపట్టి కొంచెం కొంచెంగా పోసి, లేపి నిలబెట్టి, వాకిలంతా నడిపించాడు. కొంతసేపటికి గొర్రె పెద్దగా తేనుపు తీసింది. డొక్క కిందికి దిగింది.

"గిప్పుడు పోయింది సూడు బాపూ, గదే మేము కుంటల పట్టిన గాలి. గడ్డి కుళ్లినా గదే, గొర్రె నెమరేసినా గదే. గది ఏడ కనబడితే ఆడ పాణమున్న జీవి ఉండొచ్చని మా సారు ఆలోచన. సుక్కల్ల గూడ ఎతుకుతున్నరట."

మా బాపు గొర్రెను వదిలి అతని వైపు తిరిగాడు. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మావోడు ఆడ ఏం కొలువు జేస్తుండో ఇన్నొద్దుల సంది నాకు సమజ్ కాలే బిడ్డా. నువ్వు చెప్తే సమజైంది."

నేను చెప్పలేదా? రెండు పండుగలకు చెప్పాను. పట్టకం అన్నాను, తరంగం అన్నాను. ఆయన మధ్యలో లేచి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు. ఆ రోజు మాత్రం పొద్దు వాలేదాకా ఆ అమ్రాబాద్ అబ్బాయితో గొర్ల రోగాల గురించీ, నల్లమల మేత గురించీ, పులి వాసన పడితే మంద ఎట్లా ముద్దగా చేరుతుందో దాని గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. అవ్వ జొన్నరొట్టె, పుంటికూర పెడుతూ అతనికి రెండోసారి వడ్డించి, ఆ తర్వాత నా వైపు చూసి, "నీకూ ఏద్దునారా?" అని అడిగింది. నీకూ. ఆ చిన్న దీర్ఘం మీద నాకు ముద్ద దిగలేదు. బస్సులో తిరిగి వస్తూ అతను, "మీ బాపు మస్తు మంచోడన్నా," అన్నాడు. నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

మర్నాడు పెద్దసారు పని పంచాడు. కుంట గాలిలో బురద తుంపరలు ఉంటాయి కాబట్టి దాన్ని శుభ్రమైన నీళ్లలోంచి మూడుసార్లు పంపి కడగాలి. ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి, మామూలు నీళ్లు పనికిరావు. కుంట గాలి కడగడం నా వంతు. మందులతో మీథేన్ చేసి, దాన్ని కడగడం అతని వంతు.

అతను తన వంతు నీళ్లు తనే, నాకంటే ఒకరోజు ముందు, బట్టీ పెట్టి దించుకున్నాడు. మా ల్యాబులో నీళ్లు మరిగించి ఆవిరిని చల్లార్చే గొట్టం కారుతుండేది. ఒక సీసా నిండాలంటే పూటంతా దాని దగ్గర కూర్చోవాలి. నేను కూర్చున్నాను. చుక్క తర్వాత చుక్క పడుతోంది. పక్క గదిలో అతను మొదటి సంవత్సరం పిల్లలకు ప్రయోగం చెబుతుంటే పిల్లలు నవ్వుతున్నారు. నా క్లాసులో పిల్లలు ఎన్నడూ నవ్వలేదు. ఈ నీళ్లు దించేది ఎవరి కోసం? రేపు దుర్భిణిలో కన్ను పెట్టేది అతను. షాబాష్ అనిపించుకునేది అతను. నా ఊరి కుంట, నా ఇంటి అన్నం, నా బాపు.

సీసాలో నాలుగు వేళ్ల నీళ్లయినా చేరలేదు. నేను లేచి, మూలనున్న కడవలోంచి కాలేజీ బావి నీళ్లు ముంచి సీసాలన్నీ నింపాను. కుంట గాలిని అందులోంచి మూడుసార్లు పంపాను. ఆ నీళ్ల సంగతి మాకు తెలియనిది కాదు. టీ కాచే గిన్నె అడుగున నెల తిరిగేలోగా తెల్లటి గార కట్టేది.

పట్టపగలే కిటికీలకు నల్లగుడ్డలు కట్టి గది చీకటి చేశాం. ముందు ల్యాబులో చేసిన గాలిని సన్నని గాజు మూతిలోంచి వదిలి, మామూలు గాలి కలిపి ముట్టించారు. నీలం, ఆకుపచ్చ రంగుల్లో పట్టీలు వరుసగా కనిపించాయి. కర్బనం గుర్తులు అవి. తర్వాత కుంట గాలి ముట్టించారు. అవే పట్టీలు. అతను కన్ను తీయకుండా దుర్భిణిని మెల్లగా ఎర్రరంగు వైపు తిప్పాడు.

"సార్! ఈడ ఇంకోటున్నది. నారింజ రంగుల. ఇందాక గిది లేదు."

పెద్దసారు గబగబా వచ్చి తన మంచి కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. లేచి, నోటుబుక్కు తెరిచి తేదీ వేశాడు. నన్నూ చూడమన్నారు. చూశాను. నల్లని తెర మీద నారింజ రంగు పట్టీ వెడల్పుగా, తేటగా ఉంది. అది ఎక్కడిదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం అతను కొలతలు పట్టికతో పోల్చుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గా గీత సున్నం గీతకు దగ్గర్నే ఉన్నది. నాకు అనుమానంగున్నది. నువ్వు పోసినయి డిస్టిల్డ్ నీళ్లే గదా?"

అప్పుడు నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. గొట్టం కారుతోంది, ఓపిక లేక బావి నీళ్లు పోశాను, మళ్లీ చేద్దాం అంటే ఎవరూ ఏమీ అనరు. నేను చేతిలో ఉన్న కాగితాలు సర్దుకుంటూ, "ఆఁ, డిస్టిల్డే," అన్నాను.

అతని ముఖం విప్పారింది. "అయితే గిది వేరేదన్నా!" అన్నాడు. నా మాట మీద అతనికున్న నమ్మకం చూసి నాకు జాలి కలగలేదు. ఎత్తుకు ఎక్కనీ, అందరి ముందు పడనీ అనుకున్నాను. ఇది రాయడానికి చేయి ఆడటం లేదు, కానీ అనుకున్న మాట అదే.

రెండు నెలల తర్వాత హైదరాబాదులో సైన్సు అధ్యాపకుల సభ ఒకటి జరిగింది. పెద్దసారు మా పని గురించి చదివాడు. జీవం నుంచి వచ్చిన గాలిలో అదనంగా ఒక గీత కనిపించిందనీ, దాని కారణం ఇంకా తెలియదనీ జాగ్రత్తగానే చెప్పాడు. పేర్లు చెప్పేటప్పుడు మొదట అతని పేరు, తర్వాత నా పేరు చెప్పాడు. నేను రెండో వరుసలో ఉన్నాను. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక ప్రొఫెసర్ లేచాడు.

"ఆ నారింజ పట్టీ కాల్షియంది కాదని ఎట్లా అంటున్నారు? గాలిని ఏ నీళ్లతో కడిగారు?"

జవాబు చెప్పడానికి పెద్దసారు పక్కనున్న అతను లేచాడు. నేను ఎదురు చూసిన ఘడియ అదే. కానీ అది నేను అనుకున్నట్టు రాలేదు.

"డిస్టిల్డ్ నీళ్లతోని సార్. కడిగింది మా అన్ననే. ఇగో, ఈడనే ఉన్నడు."

సభంతా నా వైపు తిరిగింది. "అవునా?" అన్నాడు ప్రొఫెసర్. "అవునండీ," అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, "మళ్లీ ఒకసారి చేసి చూడండి," అని కూర్చున్నాడు. పెద్దసారు నా వైపు చూసి కృతజ్ఞతగా తలూపాడు.

సభ నుంచి తిరిగి వచ్చిన వారమే అతను నాకు చెప్పకుండా మా ఊరు పోయాడు. తానే కుంటలో దిగి గాలి పట్టాడు. మా ఇంట్లో తిన్నాడు. ఆ సంగతి తర్వాత మా అవ్వే చెప్పింది. తానే రెండు పూటలు కూర్చుని నీళ్లు దించి, తానే కడిగి, మంట ముట్టించాడు. నారింజ గీత లేదు. మిగిలిన గాలినే బావి నీళ్లలోంచి పంపి చూశాడు. గీత వచ్చింది.

నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి కూర్చోలేదు.

"అన్నా, ఆ దినం బుడ్లల్ల ఏ నీళ్లు పోసినవ్?"

"చెప్పిన గదా. డిస్టిల్డే."

"మంచిగ యాది చేసుకో అన్నా."

"ఎన్నిసార్లు అడుగుతవ్?" అని గొంతు పెంచాను. అతను వెనక్కి తిరిగి ల్యాబులోకి పోయాడు.

మర్నాడు ఒక ఉత్తరం రాసి పెద్దసారుకు చూపించాడు. సారు దాన్ని మా ఇద్దరి ముందూ పైకి చదివాడు. ఆ ప్రొఫెసర్‌కు రాసిన ఉత్తరం అది. నారింజ గీత కాలేజీ బావి నీళ్లలోని సున్నానిదని తేలింది, నీళ్లను పరీక్షించకుండా ఫలితం చెప్పడం తన తప్పు, జాగ్రత్తగా కడిగితే రెండు గాలులకూ ఒకటే గీతలు, కాబట్టి ఈ గీతలను చూసి మీథేన్ ఉందని చెప్పగలం గానీ దాన్ని చేసింది జీవమో కాదో చెప్పలేం అని అందులో ఉంది. కింద ఒక్క అతని సంతకమే. గాలి కడిగింది ఎవరో ఉత్తరంలో ఎక్కడా లేదు. సారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన పిచ్చి ఆ రోజుతో చల్లారింది. నేను మాత్రం లోపల, అయింది, ఇక వీడు లేవడు అనుకున్నాను.

పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. తన తప్పును ఇంత తేటగా పట్టుకుని రాసే మనిషి తనకు కావాలని ఆ ప్రొఫెసర్ రాశాడు. తన ప్రయోగశాలలో పరారుణ కిరణాలతో వాయువులను పరీక్షించే కొత్త యంత్రం ఉందట. కంటికి కనబడని వెలుతురును అది కొలుస్తుంది, గాలిని మండించే పనే లేదు. పరిశోధక విద్యార్థిగా వచ్చి చేరమన్నాడు.

కాలేజీ అంతా దూద్‌పేడాలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను. ఆ వారం రోజులు నాకు కలిగిన అసూయ ఇంతకుముందు కలిగినదాని వంటిది కాదు. ఆ తప్పు నాది! నేను బావి నీళ్లు పోయకపోతే గీత లేదు, గీత లేకపోతే ప్రశ్న లేదు, ప్రశ్న లేకపోతే ఉత్తరం లేదు. నా తప్పును కూడా వాడు తన పేరున రాసుకుని మెట్టెక్కాడు. నవ్వొచ్చే మాటే, కానీ అప్పుడు నవ్వు రాలేదు. ఆ ఉక్రోషంతోనే పెద్దసారు ఇంటికి పోయి అంతా చెప్పేశాను. పశ్చాత్తాపమని ఆయన అనుకుని ఉంటే అది ఆయన మంచితనం.

సారు ఆశ్చర్యపోలేదు. "గొట్టం కారుతున్నదని నాకు ఎరికే," అన్నాడు. "ఒక్క పూటల అన్ని నీళ్లు ఎట్ల వచ్చినయని నేను అడగాలె. అడగలే. నాకు ఆ గీత కావాలె, అందుకని అడగలే. నీకు అసూయ ఉండె, నాకు ఆశ ఉండె. పోయి అతనికి చెప్పు బేటా. నాకు చెప్తే ఏం ఫాయిదా?"

అతను హైదరాబాదులో చేరేముందు ఇంటికి వెళ్లాడు. దేవరకొండ మీదుగా అచ్చంపేట దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు ఇంకొకటి పట్టుకుని వెళ్లాను. ఊరి బయట మంద దగ్గర దొరికాడు. గొర్లకు బొచ్చు కత్తిరిస్తున్నారు. నన్ను చూసి కత్తెర పక్కన పెట్టి లేచాడు. వాళ్లమ్మ చల్ల ముంత తెచ్చి ఇచ్చింది. ఆమె పోయేదాకా ఆగి చెప్పాను. కుంట నుంచి మొదలుపెట్టి, సభలో అన్న మాట దాకా, ఏదీ దాచలేదు.

"నాకు ఎరికే," అన్నాడు. "సభకెళ్లి వచ్చినంక నువ్వు ఇడిసిన బుడ్లు కడిగింది నేనే గదా. అడుగుకు తెల్లగ పట్టింది."

"మరి ఉత్తరంల ఎందుకు రాయలే?"

"కొలతల కాయితం మీద దస్కతు నాది. నీళ్లు సూడకుంట పెట్టిన. గది నా తప్పే."

"నా మీద కోపం రాలేదా?"

"రాకేం? మస్తు వచ్చింది. మీ ఊరికి పోయిన దినం మీ బాపుకు చెప్దామనే పోయిన. ఆయన ఎదురొచ్చి, మావోడు బాగున్నడా బిడ్డా అని అడిగిండు. చెప్పబుద్ధి కాలే." కత్తెర చేతిలోకి తీసుకుని దాని మొన వైపు చూశాడు. "తప్పు ఎవలైన చేస్తరు. మూడుసార్లు అడిగిన నిన్ను. సభల అందరి ముందల నిన్ను సూపెట్టి చెప్పిన. గది నేను మర్వలేను."

నేను క్షమించమన్నాను. అతను సరేననలేదు, కాదనలేదు. "ఎండ బాగున్నది, తిని పోండ్రి సార్," అన్నాడు.

సార్ అన్నాడు. ఆ మాట వినడానికి అంతదూరం పోయినట్టయింది నాకు. అన్నం తినే వచ్చాను. వాళ్లమ్మ జొన్నగట్క పెట్టింది. అతను బస్సు దాకా తోడు వచ్చాడు గానీ దారంతా గొర్ల గురించి తప్ప మాట్లాడలేదు.

తర్వాత నేను నల్లగొండలోనే ఉండిపోయాను. పెద్దసారు రిటైరయ్యేముందు ఒకరోజు పత్రిక పట్టుకుని వచ్చి, అంగారకుడి వెలుతురులో కనిపించిన ఆ గుర్తులు కూడా భూమి గాలిలోని నీటి ఆవిరివేనని తేలిందని చదివి వినిపించాడు. "వాళ్లు కూడా మనలెక్కనే నీళ్లల్ల పడ్డరు," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అంత నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగింది. వాళ్లకు తెలియక జరిగింది.

అరవైల చివర్లో కాలేజీ పిల్లలను తీసుకుని హైదరాబాదులో అతని ప్రయోగశాలకు వెళ్లాల్సి వచ్చింది. అతను బాగానే ఆదరించాడు. గాజు గొట్టంలో మీథేన్ నింపి యంత్రంలో పెడితే, కాగితం చుట్ట మీద ఒక కలం తనంతట తానే కదులుతూ గీత గీసింది. సాఫీగా పోతూ పోతూ ఒకచోట లోయలోకి జారినట్టు కిందికి దిగి, మళ్లీ పైకి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కుళ్లిన గడ్డి గాలి, ఆవు పేడ గాలి, మందులతో చేసిన గాలి, మూడింటి కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించి చూపించాడు. మూడు లోయలూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. ఒక్క వాయువును చూసి జీవం ఉందని చెప్పకూడదనీ, దాని పక్కన ఇంకేం వాయువులు ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో చూడాలనీ పిల్లలకు చెప్పాడు. మా బాపుకు చెప్పినట్టే, అంత తేలిగ్గా.

"బాపు ఎట్లున్నడు సార్?" అని పోయేటప్పుడు అడిగాడు.

"నిన్ను అడుగుతుంటడు," అన్నాను. అది నిజమే. ప్రతి పండుగకూ అడిగేవాడు. ఆ మాట అతనికి చేర్చడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఆ మరుసటి ఏడు ఒక పత్రికలో అతని వ్యాసం అచ్చయింది. మా కాలేజీ లైబ్రరీకి ఆ సంచిక వచ్చిందని లైబ్రేరియన్ పిలిచి మరీ ఇచ్చాడు. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముందు ఆ గాలిని ఏ నీళ్లతో కడిగాడో, ఎన్నిసార్లు కడిగాడో చదివాను. తర్వాత కొలతలు, ఆ తర్వాత పటాలు. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని గంట కొట్టేదాకా వెతికాను. దొరకలేదు.